పరుగునకు గడియారము, పాటకు చెవి

గడచిన మాఘమాసమున మా యూరి బాలికల పాఠశాలలో వార్షికోత్సవము జరిగినది. ఉదయము ఆటల పోటీలు, సాయంకాలము పద్యపఠనము. మా వారు ఉపాధ్యాయులగుటచే ఉదయము సున్నపు గీతయొద్ద గడియారము పట్టుకొని నిలుచుండిరి. సాయంకాలపు పద్యములకు తీర్పు చెప్పుటకు మమ్ము కూర్చుండబెట్టిరి. చిన్ననాట మా తండ్రిగారియొద్ద భారత భాగవతములును, కొంత వసుచరిత్రయు చదువుకొన్నామన్న పేరు మాకు ఊరిలో నున్నది. ఆ పేరే మమ్ము ఆ యాసనమున కెక్కించినది.

ఉదయపు పరుగులో ఇద్దరు బాలికలు ఇంచుమించు ఒక్కమారే గీత దాటిరి. మా వారు గడియారము చూచి, గీత కిరువైపుల నిలిచినవారి నడిగి, ఒకతెను మొదటిదిగా చెప్పిరి. రెండవ బాలిక కంట నీరు పెట్టుకొన్నది గాని, ఆమె తల్లి ఒక్క మాటయు ననలేదు. సాయంకాలము కథ వేరైనది. ఒక బాలిక శ్రుతి తప్పక, అక్షరము జారక, ఊపిరి నిలుపవలసిన చోటనే నిలిపి పద్యము పాడినది. మరియొక బాలిక గజేంద్రుని మొర పాడుచు పై స్థాయి నందుకొనబోవ గొంతు జీరపోయినది. కాని ఆ జీరయే మొసలి నోట చిక్కిన ఏనుగు మొరవలె నుండి, వెనుక వరుసలో వేరుసెనగకాయలు ఒలుచుకొనుచున్నవారు సైతము చేతులాపిరి. మేము ఈ రెండవ బాలికకు మొదటి బహుమానము నిచ్చితిమి.

వాకిటి యొద్ద మొదటి బాలిక తల్లి మమ్ము నిలిపినది. "వదినగారూ! పరుగులో ముందు వచ్చిన పిల్లను వెనుక వచ్చిందని ఎవరైనా అనగలరా? పాటలో మాత్రం ఎట్లా అన్నారండీ?" అని యడిగినది. మాకు వెంటనే బదులు తోచలేదు. నాటినుండి ఆమె మా యింటికి పేరంటమునకు రాదు. మేము పిలిచినపుడెల్ల ఏదో పని యున్నదని కబురు పంపును.

కోపము మాట యటుంచి, ఆమె ప్రశ్న మంచి ప్రశ్న. దానికి బదులు వెదకుచు మేము చదివినదియు, విన్నదియు సోదరీమణుల ముందుంచుచున్నాము. ఊరి బడిలో తేలని సంగతి ఆ విద్యల శిఖరములయందైన తేలునేమో యని, ఒకవైపు ఒలింపిక్ క్రీడలను, మరియొకవైపు పాశ్చాత్యుల ఒపేరా గానమును తీసికొంటిమి. ఒపేరా యనగా ఆద్యంతము పాటతో నడచు నాటకము. ఇటలీదేశమున 1600 ప్రాంతమున పుట్టినది. మన యక్షగానమును తలపించును గాని, గాయకుని ముందు పదులకొలది వాద్యములు మ్రోగుచుండును. గాయకుని చెంత మైకు ఉండదు. వేల మంది కూర్చున్న శాలలో చివరి వరుసవరకు ఒంటి గొంతు వినబడవలెను. కావున ఆ గానమును మల్లులు చేయు సాముతో పోల్చుట వింతగాదు. ఊపిరి, వెన్ను, పొట్ట కండరములు, ఏండ్లకొలది సాధన, ఒక్క రాత్రి పరీక్ష. ఇవన్నియు రెంటికిని సమానములే.

ముందుగా గడియారము మాట. 1896లో ఏథెన్సు నగరమున తొలి నవీన ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు నూరు మీటర్ల పరుగును అమెరికావాసి థామస్ బర్క్ 12 సెకండ్లలో ముగించెను. 1936లో బెర్లినున జెస్సీ ఓవెన్సు 10.3 సెకండ్లలో పరుగెత్తెను. అదే బెర్లినున 2009లో ఉసేన్ బోల్టు 9.58 సెకండ్లకు దించెను. స్త్రీల సంగతి చూడుడు. 1928లో ఆమ్‌స్టర్‌డామున ఆడువారికి తొలిసారి ఈ పరుగు పెట్టగా బెట్టీ రాబిన్సన్ అను బాలిక 12.2 సెకండ్లలో గెలిచెను. 1988లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 సెకండ్లలో పరుగెత్తెను. తరము తరమునకు అంకె తగ్గుచున్నది. పూర్వులకంటె నేటివారు మేలని ఇక్కడ ఎవరికిని సందేహము లేదు.

సందేహము లేదని వ్రాసితిమి గాని, కొంచెము గోకి చూచిన గడియారము క్రిందను ఇసుక కనబడును. ఓవెన్సు పరుగెత్తినది బొగ్గు కసవు పరచిన బాటపైన. పాదములు ఆనించుకొనుటకు తాపీవంటి పనిముట్టుతో తానే గుంటలు త్రవ్వుకొనెను. కాలు తన్నుకొను చెక్కలను ఒలింపిక్ క్రీడలలో 1948లో గాని అనుమతింపలేదు. 1968లో మెక్సికోలో రబ్బరువంటి కృత్రిమపు బాట వచ్చినది. ఈతలో మరియు చిత్రము. 2009లో రోము నగరపు పోటీలలో ఒక విధమగు నునుపు దుస్తులు తొడిగి ఈదగా 43 ప్రపంచ రికార్డులు కూలినవి. మరుసటి యేడాది ఆ దుస్తులను నిషేధించిరి. పైన చెప్పిన 10.49 సెకండ్ల పరుగు నాడు గాలి లేదని గాలికొలత చూపినది గాని, ఆ పరికరమే చెడియుండునని పలువురు నేటికిని శంకింతురు. అంకె నిజమే, అంకె వెనుక నున్నదంతయు అంకెలో రాదు.

అయినను అంకెకు ఒక గొప్పగుణ మున్నది. ఓడినవారికి సైతము అది నోరు మెదపనీయదు. 1984లో లాస్ ఏంజిలిసున పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్సు పరుగును 55.42 సెకండ్లలో ముగించెను. ఆమెకంటె ముందు మూడవ స్థానము పొందిన రుమేనియా వనిత కాలము 55.41. నడుమ నున్నది సెకండులో నూరవ పాలు. రెప్పపాటులో పదియవ పాలైన ఉండునో లేదో. ఛాయాచిత్రము తీసి చూచి చెప్పిరి. దేశమంతయు నిట్టూర్చినది గాని ఎవరును తీర్పరిని తిట్టలేదు. మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110 కిలోలు, 130 కిలోలు ఎత్తి మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతవనిత ఆమెయే. స్వర్ణము గెలిచిన చైనా వనిత ఎత్తినది 242.5 కిలోలు. మల్లీశ్వరి చివరి మారు తక్కువకు పోక, స్వర్ణమునే కోరి 137.5 కిలోల కడ్డీని పట్టెను; అది నిలువలేదు. ఆ చిత్రమును చూచినపుడెల్ల మా గుండె దడదడలాడును. అయినను కడ్డీ పైకి పోయినదా లేదా యన్నది పిల్లవానికిని తెలియును.

ఇక ఒపేరా. ఇక్కడ మాట తలక్రిందు. ఆ దేశముల రసికులు ఎప్పుడు కలిసినను, వెనుకటి గొంతులు నేడు లేవని యేడ్తురు. వారి తండ్రులును అదే యనిరి, తాతలును అదే యనిరి. మన యిండ్లలో వెనుకటి నేతిరుచిని గూర్చి అత్తగార్లు చెప్పు మాటవంటిదే యిది. నిజమో కాదో తేల్చుటకు ఆ నేయి నేడు మిగిలి యుండదు. ఎన్రికో కరూసో 1902లో మిలాను నగరమున ఒక హోటలు గదిలో తగరపు గరాటువంటి కొమ్ములోనికి పాడిన పాటలు నిలిచినవి. అడెలీనా పాటి యను జగద్విఖ్యాత గాయని తొలిసారి రికార్డునకు పాడునప్పటికి 1905. ఆమెకు 62 ఏండ్లు. యంత్రము ఆమె యింటికే వెళ్లినది. ఆ వయస్సున పరుగెత్తిన ఒక వీరుని కాలమును బట్టి అతని యౌవనమును కొలుతుమా? పాటి విషయమున లోకము చేయుచున్నది అదియే. 1836లో 28 ఏండ్లకే మరణించిన మరియా మాలిబ్రాన్ గొంతు మాత్రము చూచినవారి మాటలలోనే యున్నది.

పాటలో కొలువదగిన దేదియు లేదని మాత్రము అనుకొనరాదు. పైస్వరము కొలువదగినది. మోజార్టు 1791లో వియన్నాలో ప్రదర్శించిన 'మాయావేణువు' అను ఒపేరాలో రాత్రిరాణి పాడు స్వరము నేటి శ్రుతిలో సెకండునకు సుమారు 1,400 కంపనములు గలది. దానిని అతని వదినెగారు జోసెఫా హోఫర్ తొలుత పాడెను. 2017లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో ఆడ్రే లూనా అను గాయని అంతకును పైస్వరమును పాడగా, ఆ శాల చరిత్రలోనే అది అత్యున్నత స్వరమని లెక్క వేసిరి. కాని ఇంతమాత్రమున ఆమెయే ఆ శాల గాయనులందరిలో నుత్తమురాలని ఎవరును అనలేదు, ఆమెయు ననుకొనియుండదు. ఎత్తు దూకుటలో ఎక్కువ ఎత్తు దూకినవాడే మొదటివాడు. పాటలో ఎత్తు ఒక మెట్టు మాత్రమే.

ఆ మెట్టుకొరకు ప్రాణము విడిచినవాడును గలడు. రోసీని రచించిన 'గీయోం టెల్' అను ఒపేరాలో 1829లో పారిసున ఒక ప్రధానపాత్ర పాడినవాడు అడోల్ఫ్ నూరీ. అప్పటి సంప్రదాయము ప్రకారము పైస్వరములను మెత్తగా, తలలో మ్రోగునట్లు పలికించెడివాడు. ఇటలీలో డూప్రే యను యువకుడు ఆ స్వరమునే ఱొమ్ము పగులునట్లు నిండుగొంతుతో పాడ నేర్చెను. 1837లో అతడు పారిసు వచ్చి అట్లు పాడగా సభ వెఱ్ఱెత్తిపోయినది. రోసీనికి ఆ ధ్వని యేమాత్రము నచ్చలేదని చెప్పుదురు. రచించినవానికి నచ్చనిది సభకు నచ్చినది. ఆ నాటినుండి ప్రమాణము మారిపోయినది. నూరీ తన పదవి విడిచి, ఆ క్రొత్త విధానము నేర్చుకొనవలెనని ఇటలీకి పోయెను. ఉన్న మార్దవము పోయినదే గాని కోరినది రాలేదు. 1839లో నేపుల్సు నగరమున మేడకిటికీనుండి దూకి మరణించెను. అతనికి 37 ఏండ్లు. పరుగులో ఓడినవానికి తాను నిన్నటికంటె నెమ్మదిగా పరుగెత్తలేదని చెప్పుకొను ఊరటయైన నుండును. నూరీ నిన్నటివలెనే పాడెను, చెవులు మారినవి.

అంతేగాదు, పరుగుబాట పొడవు మారదు గాని, ఒపేరాలో బాటయే పొడవగుచు వచ్చినది. వాద్యముల శ్రుతి ఏండ్లు గడచినకొలది పైకి ప్రాకుచుండగా, ఫ్రాన్సు ప్రభుత్వము 1859లో శ్రుతికి 435 కంపనములని చట్టము చేసినది. 1939లో లండనున కూడినవారు 440గా నిర్ణయించిరి. వాద్యములు పెరిగినవి, శాలలు పెరిగినవి. 1966లో తెరచిన న్యూయార్కు శాలలో సుమారు 3,800 ఆసనములున్నవి.

ఇంత హోరులో ఒక్క గొంతు ఎట్లు వినబడును? స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ దీనిని వివరించెను. వాద్యబృందపు ధ్వనిలో బలమంతయు సెకండునకు 500 కంపనముల చుట్టుప్రక్కల నుండి, పైకి పోయినకొలది తగ్గును. తర్ఫీదు పొందిన పురుషుని గొంతు కంఠనాళమును ఒక విధముగా తీర్చి 3,000 కంపనముల ప్రాంతమున ప్రత్యేకపు మెఱుగు తెచ్చుకొనును. మన చెవి ఆ ప్రాంతముననే మిక్కిలి చురుకైనది. పొయ్యిమీద గుండిగ కుతకుతలాడుచు, రోటిలో పిండి దుమదుమలాడుచుండగా, అడ్డగదిలో పసిపిల్ల కాలి మువ్వ మనకు వినబడుట లేదా? అట్టిదే యిది. స్త్రీల పైస్వరములలో ఉపాయము వేరు. స్వరమునకు తగినట్లు నోరు తెరచి ధ్వనిని పెంచుకొందురు. అందుచే అక్షరములు కలగాపులగ మగును. తారస్థాయిలో గాయని మాట తెలియలేదని నిందించువారు ఈ సంగతి ఎఱుగరు. మా పద్యపఠనమున నేమో అక్షరము చెడిన మార్కు తగ్గింతుము!

అంకెకును రసమునకును నడుమ నుండు ఆటలు కొన్ని గలవు. అందొకటి జిమ్నాస్టిక్సు. 1976లో మాంట్రియలున 14 ఏండ్ల నాడియా కొమనేచి కడ్డీలపై విన్యాసము చేయగా తీర్పరులు పదికి పది యిచ్చిరి. అంతవరకు ఆ మార్కు ఒలింపిక్సులో ఎవరికిని రానందున, అంకెల పలకకు 10.00 చూపు శక్తి లేక 1.00 అని చూపినది. మా వారు ఈ ముచ్చట తలచుకొని నవ్వుచుందురు. లెక్కల కాగితమును దిద్దునపుడు వారి కలము పరుగెత్తును. వ్యాసపు కాగితము మాత్రము దీపము క్రింద చాలసేపు చేతిలో నుండును. "పదికి పది ఇచ్చితే తరువాత వచ్చేవాడు ఇంకా బాగా వ్రాస్తే ఏమియ్యను?" అందురు. ఆ చిక్కే అక్కడను వచ్చినది. 2004లో ఏథెన్సున ఒక కొరియా యువకుని విన్యాసపు కఠినతకు పొరపాటున మార్కు తక్కువ వేయగా, అతనికి రావలసిన బంగారము కాంస్యమైనది. 2006నుండి పది యను హద్దు తీసివేసి, కఠినతకు ఒక లెక్క, నేర్పునకు ఒక లెక్క వేసి కూడుచున్నారు. న్యాయము పెరిగినదందురు. ఆ పది యను మాటలోని మురిపెము పోయినదనియు నందురు. మాకు రెండును నిజములుగనే తోచుచున్నవి.

ఈ తీర్పుల సంగతి మనకు క్రొత్తదిగాదు. భరతముని నాట్యశాస్త్రమున సిద్ధులను గూర్చిన అధ్యాయములో, నటబృందములు పతాకకై పోటీపడునపుడు తీర్పు చెప్పు ప్రాశ్నికులు ఎవరై యుండవలెనో చెప్పినాడు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, వ్యాకరణవేత్త, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజు మొదలగువారితో పాటు అస్త్రవేత్తయు నుండవలె నన్నాడు. చిన్ననాడు ఇది చదివినపుడు నాటకమునకు విలుకాడెందుకని నవ్వుకొంటిమి. నిలుకడ, అంగసౌష్ఠవము విలుకానికి తెలిసినట్లు ఎవరికి తెలియును? తీర్పును ఒక్క చెవికి విడువక పదిమందికి పంచుట ముని చేసిన యుక్తి. మా పాఠశాలవారు మమ్ము ఒంటరిగా కూర్చుండబెట్టిరి.

మోసముల విషయమున రెండు లోకముల నీతి ఒక్కటి గాదు. ఇది మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది. నార్వే గాయని కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్ 1952లో వాగ్నరు రచించిన 'ట్రిస్టాను' ఒపేరాను రికార్డునకు పాడెను. ఆమెకు అప్పటికి 56 ఏండ్లు. అందలి రెండు అత్యున్నత స్వరములను మాత్రము ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ అను మరియొక గాయని పాడగా, వానిని ఫ్లాగ్‌స్టాడ్ గొంతులో నతికిరి. సంగతి బయటపడి ఆమె మనసు నొచ్చినది గాని, ఆ రికార్డు నేటికిని గొప్పవానిలో నొకటిగా మన్నింపబడుచున్నది. పరుగుపందెములో చివరి రెండడుగులు వేరొకరు వేసిన ఊరుకొందురా? 2006 ఫిబ్రవరి 10న ట్యూరిను నగరపు శీతకాల ఒలింపిక్సు ప్రారంభమున పవరాటీ పాడెను. లోకమంతయు కన్నీటితో చూచినది. అది ముందుగా పట్టిన పాటయే ననియు, అతడు పెదవు లాడించె ననియు, వాద్యబృందము వాయించినట్లు నటించిన దనియు నాటి సంగీత నిర్వాహకుడే 2008లో గ్రంథమున వెల్లడించెను. ముసలి దేహము, ఎముకలు కొరుకు చలి. మరుసటి యేడాదియే అతడు గతించెను. మాకు కోపము రాలేదు. కాని మందు తిని పరుగెత్తినవారి పతకములు లాగివేయు ఆ క్రీడల ముంగిటనే ఇది జరుగుట వింత గాదా?

మందుల మాటయు చూడుడు. గుండెదడను, చేతివణకును అణచు బీటా బ్లాకరు మాత్రలు తుపాకి గుఱి, విలువిద్య పోటీలలో నిషిద్ధములు. 2008లో బీజింగున ఉత్తరకొరియా గుఱికాడు ఒకడు ఆ మాత్ర తిన్నందున రెండు పతకములు కోల్పోయెను. అదే మాత్రను సభాభయమునకై పలువురు వాద్యకారులు, గాయకులు వైద్యుని యడిగి పుచ్చుకొందురు. అది తప్పని ఎవరు ననరు. క్రీడలో పోటీ ఎదుటివానితో. గానములో శ్రోతకు కావలసినది పాట. గాయకుని గుండె ఎట్లు కొట్టుకొన్నదో శ్రోతకు పట్టదు. అందుకే ఈ భేదము వచ్చినదని మా యూహ.

పట్టకుండుట ఎంత దూరము పోవునో చెప్పుటకు చేయి వణకుచున్నది. పూర్వము రోము నగరమున స్త్రీలు రంగస్థల మెక్కరాదని పోపుల శాసన ముండెడిది. ఆ స్థానమున పాడుటకు, కోయిలలందును పాడుటకు, బాలుర పుంస్త్వమును చెఱచి వారి బాల్యపు గొంతు నిలిపెడివారు. ఫారినెల్లి వంటివారు కొందఱు ధనికులైరి. గొంతు రాక, ఇల్లు లేక, సంతు లేక మిగిలిన పిల్లల పేర్లు ఎవరును వ్రాయలేదు. వారిలో చివరివాడగు మొరెస్కీ 1902, 1904లలో రికార్డులకు పాడెను, 1922లో మరణించెను. ఇది గతకాలపు మౌఢ్యమని విడువబోగా, తూర్పుజర్మనీ గుర్తు వచ్చినది. 1970, 80లలో అక్కడి ప్రభుత్వమే బడిపిల్లలకు విటమినులని చెప్పి పురుషసంబంధమగు హార్మోను మాత్రలు మ్రింగించినది. ఆడపిల్లల గొంతులు మగగొంతులైనవి. పిదప తల్లులగుటకు కష్టపడిన వారెందఱో. 2000 సంవత్సరమున ఆ క్రీడాధికారికి బెర్లిను న్యాయస్థానము శిక్ష విధించినది, అదియు జైలుకు పోనక్కఱలేని శిక్ష. ఒకచోట పాటకై మగపిల్లవాని గొంతును మగది కాకుండ నాపిరి. ఒకచోట పతకమునకై ఆడపిల్ల గొంతును ఆడది కాకుండ జేసిరి. రెండు చోట్లను తల్లి నడిగినవారు లేరు, అడిగినను నిజము చెప్పినవారు లేరు.

స్త్రీల విషయమున ఒపేరాకే మేము ఎక్కువ మార్కు వేయుదుము. క్రీడలు మనల నెంత సంశయముతో రానిచ్చెనో! 1928లో స్త్రీల 800 మీటర్ల పరుగు పెట్టి, కొందరు అలసి పడిరని పత్రికలు గగ్గోలు చేయగా దానిని తీసివైచిరి. ఆ వార్తలలో అతిశయోక్తియే హెచ్చని పిదప తేలినది. అయినను 1960వరకు ఆ పరుగు మరల రాలేదు. మారథాను 1984లో గాని ఆడువారికి దక్కలేదు. ఒపేరాలోనో, రోము శాసనము తప్ప, పందొమ్మిదవ శతాబ్దినాటికే గాయనియే శాలకు ఆధారము. పాటి అమెరికాలో ఒక్క రాత్రికి 5,000 డాలర్లు పుచ్చుకొనెడిది. వయస్సు సంగతియు అట్టిదే. పరుగువారికి ముప్పది దాటిన ముసలితనము. ఫ్లాగ్‌స్టాడ్ కొంగు దోపుకొని యిల్లు చూచుకొందమా యని ఆలోచించుచు, 1935లో 39 ఏండ్ల వయస్సున న్యూయార్కు వేదిక నెక్కి ప్రపంచప్రసిద్ధురాలయ్యెను. ముప్పదులలో నున్న మాకు ఇది చదివి ఎంత సంతోషమైనదో చెప్పనక్కఱలేదు.

సభికుల తీర్పు మాత్రము గడియారముకంటె నిర్దయ. 2006 డిసెంబరున మిలాను లా స్కాలా శాలలో, 'ఐడా' తొలి పాటకే మేడపై వరుసలవారు కేకలు వేయగా రొబెర్తో అలాన్యా వేదిక దిగి వెడలిపోయెను. సిద్ధముగా నున్న మరియొక గాయకుడు వేషమైన లేక జీన్సు లాగుతోనే వచ్చి పాట నందుకొనెను. అదే శాలలో 1933నుండి మరల పాడించుకొను ఆచారము లేదు. 2007లో ఫ్లోరెస్ అను పెరూదేశపు గాయకుడు తొమ్మిది పైస్వరముల పాట పాడగా ఆ నియమము తెగినది. మరల పాడక తప్పలేదు. మన సురభివారి నాటకములలో పద్యమునకు వన్స్‌మోర్ కొట్టినట్లే! 1990లో రోమున ప్రపంచ ఫుట్‌బాలు పోటీ ముగియుటకు ముందురాత్రి పవరాటీ, డొమింగో, కారేరాసు ముగ్గురును కలిసి పాడిరి. మన బొంబాయిలో జన్మించిన జుబిన్ మెహతా ఆ వాద్యబృందమును నడిపెను. బంతియాటకై వచ్చిన కోట్లమంది ఆ రాత్రి ఒపేరా పాట విని ఊగిపోయిరి. ముగ్గురిలో నెవరు గెలిచిరని ఎవరును అడుగలేదు.

ఇంత చదివిన పిమ్మట మేము ఇంటియొద్ద ఒక పని చేసితిమి. జిమ్నాస్టిక్సువారివలె గడులు గీచి, శ్రుతికి ఇన్ని, ఉచ్చారణకు ఇన్ని, ధారణకు ఇన్ని, భావమునకు ఇన్ని యని మార్కులు వేసి, ఆ ఇద్దరు బాలికల పద్యములను జ్ఞప్తికి తెచ్చుకొని కూడితిమి. ఎట్లు కూడినను మొదటి బాలికయే మూడు మార్కులు ముందున్నది. భావమునకు హెచ్చుమార్కులు పెట్టి మరల కూడితిమి. అప్పుడును ఒక మార్కు ముందు. మా వారు కాగితము చూచి ఏమియు ననక మా ముందే పెట్టిరి. ఆమె తల్లికి ఈ కాగితము చూపవలెనని తోచినది. రెండు దినములు కొంగున ముడివేసికొని తిరిగి, మూడవ దినమున వెళ్లి చూపితిమి. ఆమె చదివి, "అయితే తప్పే కదా వదినగారూ?" అన్నది. గడుల ప్రకారము తప్పే ననియు, గజేంద్రుని మొర నేటికిని మా చెవిలో నున్నదనియు, మీ అమ్మాయి పద్యమేదో మాత్రము ఎంత తలచుకొన్నను గుర్తు రాలేదనియు చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, లోనికి పోయి మజ్జిగ తెచ్చి యిచ్చినది. మాట మాత్రము కలుపలేదు.

ఈ యేటి వార్షికోత్సవమునకు మరల తీర్పు చెప్పవలెనని పాఠశాలనుండి ఉత్తరము వచ్చినది. ముగ్గురు తీర్పరులుండవలెనని, అందొకరు డ్రిల్లు నేర్పు పంతులుగారై యుండవలెనని వ్రాసి పంపితిమి. ఇంకను బదులు రాలేదు.